వెలిసిన బంపరుకు రంగు వేసే ముందు



ఆరేడేళ్ళుగా ఎండలో నిలబడుతున్న కారును నాలుగడుగులు వెనక్కి జరిగి చూడండి. బానెట్టు, తలుపులు ఇంకా మెరుస్తూనే ఉంటాయి. బంపరు మాత్రం పాలిపోయి, అక్కడక్కడా తెల్లమచ్చలు తేలి, అంచుల్లో పైపొర లేచి కనిపిస్తుంది. బండంతా ఒకే ఎండలో ఉంది, ఒకే వానలో తడిసింది. అయినా బంపరే ముందు ఎందుకు పాడయిందో తెలుసుకున్నవాళ్ళకు, ఇంటి దగ్గర స్ప్రే డబ్బాతో దానికి మళ్ళీ రంగు వేసుకోవడం చేతనయ్యే పనే. అది తెలుసుకోకుండా దిగితే, ఎంత మంచి డబ్బా కొన్నా రంగు కొద్ది నెలల్లోనే పొరలు పొరలుగా ఊడొస్తుంది. అందుకని ఈ ప్రసంగంలో రంగు కన్నా ముందు, రంగు కింద ఉండే ప్లాస్టిక్ గురించే ఎక్కువ చెబుతాను.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో బంపరంటే ఉక్కు పట్టీ, మీద క్రోమియం పూత. తగిలితే సొట్టపోయేది, ఏళ్ళు గడిస్తే తుప్పు పట్టేది. ఇప్పటి బంపరు చాలా కార్లలో పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. తగిలినప్పుడు పగలకుండా వంగి మళ్ళీ తన రూపానికి రావడానికి అందులో కొంత రబ్బరు కలుపుతారు. బంపరు లోపలి వైపు టార్చిలైటు వేసి వెతికితే అచ్చులోనే పోసిన అక్షరాలు కనిపిస్తాయి: పీపీ, ప్లస్ గుర్తు, ఈపీడీఎం. మొదటిది ప్లాస్టిక్కు, రెండోది రబ్బరు. పక్కన టీ అక్షరమూ 20 అంకే ఉంటే నూటికి ఇరవై పాళ్ళు టాల్కు పొడి కలిపారన్నమాట.

పాలీప్రొపిలీన్ మన ఇళ్ళకు కొత్తదేం కాదు. అచ్చుపోసిన ప్లాస్టిక్ కుర్చీలు దానితోనే చేస్తారు. గోడలకు రంగులు వేయించేటప్పుడు ఆ కుర్చీల మీద చుక్కలు పడతాయి కదా, ఆరాక గోటితో గీరి చూడండి, రేకులు రేకులుగా లేచొస్తాయి. అదే చుక్క చెక్క కుర్చీ మీద పడితే అంత సులువుగా వదలదు. బంపరు వెనక, రంగు పడని చోట శుభ్రంగా తుడిచి కాసిని నీళ్ళు చల్లితే తామరాకు మీద పడ్డట్టు బొట్లు బొట్లుగా నిలబడి జారిపోతాయి. నీరు పరుచుకోని చోట రంగూ పట్టుకోదు.

కార్ల ఫ్యాక్టరీలో ఈ గుణాన్ని విరచడానికి బంపరు మీద గ్యాసు మంటను రెప్పపాటు ఆడిస్తారు, లేదంటే ప్లాస్టిక్కుకు అంటుకునే ప్రత్యేకమైన ప్రైమరు కొడతారు. మంట పని ఇంట్లో తలపెట్టకండి. మనకున్నది రెండో దారే. రంగుల దుకాణంలో ప్లాస్టిక్ ప్రైమరు అని అడిగితే ఇస్తారు, కొన్ని డబ్బాల మీద అడ్హీషన్ ప్రమోటర్ అని ఉంటుంది. కింద ప్లాస్టిక్కునూ పైన రంగునూ రెండింటినీ పట్టుకునే గుణం దానిది. దానికి రంగంటూ ఉండదు, కొట్టాక కంటికి ఆనదు. అందుకే చాలామంది అనవసరపు ఖర్చనుకుని మానేస్తారు. ఈ మొత్తం పనిలో మానకూడనిది ఏదన్నా ఉంటే అది ఈ ఒక్క పూతే.

ఇంకో సంగతి. ఉక్కు బాడీకి రంగు వేశాక దాన్ని 140 డిగ్రీల దాకా వేడి చేసి ఆరబెడతారు. ఆ వేడికి ప్లాస్టిక్ వంకర్లు పోతుంది గనుక బంపరుకు విడిగా, వేరే రంగుతో, 80 డిగ్రీల దగ్గర ఆరబెట్టే ఏర్పాటు ఉంటుంది. కొత్త కారు కొన్నప్పుడే బంపరు ఛాయ తలుపు ఛాయతో అచ్చంగా కలవకపోవడం మీలో కొందరు గమనించే ఉంటారు. మీరు వేసిన రంగు పక్కనున్న రేకుతో వెంట్రుకవాసి తేడాగా కనిపిస్తే మరీ కుంగిపోకండి.

ఇక ఎండ సంగతి. రంగు మీద క్లియర్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. దాని మందం 50 మైక్రాన్లకు అటూ ఇటూ, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను మింగే రసాయనాలు ఆ పొరలోనే కలిపి ఉంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ అవి ఖర్చయిపోతాయి. ఆపైన పొర పెళుసెక్కుతుంది. ఉక్కు రేకు వంగదు గనుక దాని మీద పెళుసు పొర కూడా కొంతకాలం నిలుస్తుంది. బంపరు అలా కాదు, గేటు దగ్గర ఆనినా, స్పీడ్ బ్రేకరు మీద ఊగినా కాస్త వంగుతుంది. వంగిన ప్రతిసారీ ఆ పొరలో చీలిక పుడుతుంది, చీలికలోంచి నీళ్ళు దిగుతాయి, పొర లేస్తుంది. మీకు తెల్లగా కనిపించే మచ్చ చాలాసార్లు రంగు పోవడం కాదు, లేచిన క్లియర్ పొరే.

రంగు వెయ్యని నల్ల బంపర్ల కథ వేరు. తక్కువ ధర మోడళ్ళకు గరుకుగా, నల్లగా ఉండే బంపర్లు వస్తాయి. వాటి ప్లాస్టిక్కులోనే కార్బన్ బ్లాక్ అనే మసి కలిపి ఉంటుంది. ఎండకు పైపొరలో ప్లాస్టిక్ అణువుల గొలుసులు తెగి, బూడిద రంగు పొడి తేలుతుంది. దానికి కొబ్బరినూనె రాసేవాళ్ళున్నారు, డీజిల్ గుడ్డతో రుద్దేవాళ్ళున్నారు, టైరు పాలిష్ పట్టించేవాళ్ళూ ఉన్నారు. అన్నీ రెండు రోజుల ముచ్చటే, పైగా దుమ్ము అంటుకుంటుంది. నా మాటగా చెబుతున్నాను, ఈ గరుకు బంపరుకు మెరిసే రంగు వెయ్యకండి, అతికించినట్టు ఉంటుంది. బంపర్ బ్లాక్ అనో ట్రిమ్ పెయింట్ అనో మెరుపు లేని నలుపు దొరుకుతుంది, పల్చగా రెండు పూతలు వేస్తే చాలు. దానికి క్లియర్ అక్కర్లేదు. అయితే ఇంతకుముందు రాసిన నూనె, పాలిష్ మొత్తం పోగొట్టాకే వెయ్యాలి.

ఆ పోగొట్టడం దగ్గరే అసలు పని మొదలవుతుంది. డ్యాష్‌బోర్డు పాలిష్‌లలో, టైరు పాలిష్‌లలో ఎక్కువగా సిలికోన్ ఉంటుంది. అది వేలి ముద్రంత మిగిలినా కొత్త రంగు అక్కడ నిలవదు, చిన్న చిన్న గుంటలుగా విడిపోతుంది. పెయింటర్లు దాన్ని ఫిష్ ఐ అంటారు. ఒకసారి అది వచ్చిందంటే మీద ఎన్ని పూతలు వేసినా పోదు, ఆరబెట్టి, గీకి, మళ్ళీ మొదటికి రావలసిందే. అందుకని ముందు కారు షాంపూతో కడిగి, కడిగినదాన్ని ఆరనిచ్చి, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన గుడ్డతో తుడవాలి. ఒక గుడ్డతో తడిపి, అది ఆవిరయ్యే లోపే ఇంకో పొడి గుడ్డతో ఎత్తెయ్యాలి. ఒకే గుడ్డతో రుద్దుతూ పోతే జిడ్డు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతుందే తప్ప పోదు. గీకే ముందు ఒకసారి, గీకాక ఒకసారి, రెండుసార్లూ ఇది చెయ్యాలి. ముందు తుడవకుండా వాటర్ పేపరు పెడితే ఆ జిడ్డును గీతల్లోకి మనమే కుక్కినట్టు అవుతుంది.

గీకడానికి 400 నంబరు వాటర్ పేపరుతో మొదలుపెట్టండి. లేచిన పొర అంచు ఒక మెట్టులాగా ఉంటుంది కదా, ఆ మెట్టు మాయమయ్యేదాకా తడుపుతూ గీకాలి. కంటితో చూస్తే మాయమైనట్టే ఉంటుంది. కంటిని నమ్మకండి. షెడ్డులో పనితనమున్న పెయింటరును చూడండి, చెయ్యి తడిపి, మొహం పక్కకు తిప్పుకుని అరచేత్తో నిమురుతాడు. చూపు అక్కర్లేదు అతనికి. వేళ్ళ కొసల కన్నా అరచెయ్యి నయం, పెద్ద మేర ఒక్కసారి తెలుస్తుంది. అరచేతికి ఆ అంచు తగిలిందంటే రంగు వేశాక అది పది రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. మెట్టు పోయాక మిగతా బంపరంతా 600, చివరకు 800 నంబరు పేపరుతో మెరుపు పోయేదాకా రుద్దాలి. ఎక్కడన్నా మెరుపు మిగిలిందంటే అక్కడ పేపరు తగల్లేదని అర్థం. మలుపుల్లో, ఫాగ్ ల్యాంపు గుంట చుట్టూ, నంబరు ప్లేటు కింద అంచులో ఇలాంటివి మిగులుతాయి, రంగు మొదట ఊడేది కూడా అక్కడే.

గీతలు లోతుగా ఉంటే పుట్టీ పెట్టాలి. రేకులకు వాడే మామూలు పుట్టీ బంపరు మీద పెట్టకండి, అది వంగదు, మొదటి తాకిడికే బీటలిస్తుంది. ప్లాస్టిక్కుకని విడిగా మెత్తటి పుట్టీ అమ్ముతారు. ఇక చీలిన బంపరు, క్లిప్పులు విరిగిన బంపరు అయితే ఇంట్లో పెట్టుకోకండి. దాన్ని వేడితో అతికించడం వేరే విద్య.

బంపరును బండి నుంచి ఊడదీయగలిగితే పని నాణ్యంగా వస్తుంది. తీయలేనివాళ్ళు మాస్కింగ్ టేపు, పాత న్యూస్‌పేపర్లతో చుట్టూ మూడు నాలుగు అడుగుల మేర కప్పాలి. స్ప్రే తుంపర ఎంత దూరం పోతుందో మనం ఊహించలేం, పక్క బండి అద్దం మీద కూడా తేలుతుంది. నంబరు ప్లేటు విషయం జాగ్రత్త. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బళ్ళకు వస్తున్న హై సెక్యూరిటీ ప్లేట్లను ఒకసారి తీస్తే మళ్ళీ పనికిరాని తాళాలతో బిగిస్తారు. దాన్ని ఊడదీయకండి, అంచు పట్టి టేపు వేసెయ్యండి. వెనక బంపరు మీది ఎర్ర రిఫ్లెక్టర్లు, పార్కింగ్ సెన్సర్లు కూడా కప్పాలి. సెన్సరు మీద రంగు మందంగా పడితే అది సరిగా పనిచెయ్యదు. ఇప్పుడొచ్చే కొన్ని కార్లలో ముందు వాహనాన్ని కనిపెట్టే రాడారు బంపరు వెనకాల ఉంటోంది. అలాంటి బండికి ఇంట్లో రంగు వెయ్యద్దనే నా సలహా. రాడారు తరంగాలకు రంగు మందం, అందులోని మెటాలిక్ పొడి అడ్డుపడవచ్చు. అది బ్రేకులతో ముడిపడ్డ సంగతి.

రంగు ఎంచుకోవడానికి పేరు చాలదు, కోడు కావాలి. తెలుపంటే ఏ తెలుపు? మారుతి కార్లలో సుపీరియర్ వైట్‌కు 26యు, సిల్కీ సిల్వర్‌కు జెడ్2ఎస్ అని కోడులున్నాయి. బానెట్టు ఎత్తితే కనిపించే ప్లేటు మీదో, తలుపు తీస్తే అంచున ఉండే స్టిక్కరు మీదో మీ బండి కోడు ఉంటుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల కోడు చెబితే రంగు కలిపి డబ్బాలో నింపి ఇచ్చే దుకాణాలున్నాయి. అయినా డబ్బా తెచ్చిన వెంటనే బంపరు మీద కొట్టకండి. ఒక అట్టముక్క మీద రంగు, దాని మీద క్లియర్ కొట్టి, ఆరాక తలుపు పక్కన పెట్టి ఎండలోనూ నీడలోనూ చూడండి. వెండి రంగులాంటి మెటాలిక్‌లు దగ్గరగా తడిగా కొడితే ఒక ఛాయ, దూరంగా పొడిగా కొడితే ఇంకో ఛాయ ఇస్తాయి. అట్టముక్క మీదే చెయ్యి తిరగనివ్వండి.

ఈ డబ్బా కథ కూడా ఒక మాట చెప్పుకుందాం. స్ప్రే డబ్బాలో రంగు నింపిన ఘనత 1949లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన ఎడ్వర్డ్ సేమూర్‌ది. తాను తయారుచేసిన అల్యూమినియం రంగును కొనేవాళ్ళకు చూపించడం ఎలాగని ఆలోచిస్తుంటే, ఆ ఉపాయం చెప్పింది ఆయన భార్య బానీ. ఆ తర్వాత చాలా ఏళ్ళు డబ్బాల్లో సీఎఫ్‌సీ గ్యాసులు వాడారు. వాటికి మంట అంటుకోదు గానీ ఓజోన్ పొర చిల్లులు పడింది. 1987 మాంట్రియల్ ఒప్పందంతో అవి క్రమంగా వెనక్కి పోయి, వాటి చోట ఎక్కువగా ప్రొపేను, బ్యూటేను వచ్చాయి. మన వంటగ్యాసు సిలిండరులో ఉండేవీ అవే. అందుకే వంటింటి కిటికీ పక్కన, దేవుడి దీపం వెలిగే వరండాలో, సిగరెట్టు కాల్చే మనిషి దగ్గర ఈ పని పెట్టకూడదు. డబ్బా మీద 50 డిగ్రీలు దాటనివ్వద్దని రాసి ఉంటుంది. మన ఎండాకాలంలో అద్దాలెత్తిన కారు లోపల ఆ వేడి ఇట్టే దాటిపోతుంది, డబ్బాను కారులో వదలకండి.

కాలం కూడా చూసుకోవాలి. దీపావళి వెళ్ళిన దగ్గర్నుంచి శివరాత్రి దాకా మనకు మంచి రోజులు. పొద్దున మంచు ఆరాక పదింటికి మొదలుపెట్టి మూడింటికల్లా ముగించాలి. వానాకాలంలో, కాకినాడ, బందరు లాంటి తీరం ఊళ్ళలో ముసురు రోజుల్లో, రంగులోని థిన్నరు ఆవిరవుతూ పైపొరను చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరి తెల్లటి మసక కడుతుంది. నడివేసవిలో ఇది తిరగబడి, రంగు బంపరును చేరేలోపే గాలిలో ఆరిపోయి ఇసుకలా పడుతుంది. బంపరు ఎండలో కాగి ఉంటే ముందు నీడకు లాగి చల్లారనివ్వండి.

ఇక కొట్టడం. ఇది చెప్పుకున్నంత కష్టం కాదు. డబ్బాలోని గోళీ టకటకలాడడం మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఊపండి. బంపరుకు జానెడు దూరం, అంటే 20 నుంచి 25 సెంటీమీటర్లు. నొక్కడం బంపరు అంచుకు బయటే మొదలుపెట్టి, చెయ్యి ఆపకుండా అవతలి అంచు దాటాకే వదలాలి. మణికట్టు తిప్పకండి, భుజం నుంచి చెయ్యంతా సాగాలి. ఒక పట్టీలో సగం మీదికి వచ్చేలా తర్వాతి పట్టీ. ప్లాస్టిక్ బయటపడ్డ చోట్ల ముందు ఆ ప్లాస్టిక్ ప్రైమరు పల్చగా, దాని మీద డబ్బా చెప్పిన సమయంలోపే బూడిద రంగు ప్రైమరు రెండు పూతలు. అది బాగా ఆరాక 800 పేపరుతో తేలిగ్గా రుద్ది, తుడిచి, అప్పుడు రంగు. మొదటి పూతలో కింద ప్రైమరు కనబడుతూనే ఉండాలి. ఒక్క పూతతో కప్పేద్దామన్న ఆత్రంలోనే రంగు జారుతుంది. పూతకూ పూతకూ మధ్య పది పదిహేను నిమిషాలు వదిలి మూడు నాలుగు పూతలు. దాని మీద క్లియర్ రెండు మూడు పూతలు, చివరిది కాస్త తడిగా. మొత్తం బంపరుకు 400 మిల్లీలీటర్ల డబ్బాలు ప్రైమరుకు ఒకటి, రంగుకు రెండు, క్లియర్‌కు రెండు ఉంచుకోండి. మధ్యలో అయిపోతే ఆ గీత కనిపిస్తుంది.

క్లియర్‌లో రెండు రకాలున్నాయి. ఇక్కడ మీరు కాస్త చెవి పెట్టి వినాలి. మామూలు డబ్బా గాలికి ఆరే రకం. రెండోది టూకే, అడుగున మీట నొక్కితే లోపలి హార్డెనరు కలిసి గట్టిపడే రకం. నిజానికి మన్నిక దానిదే, పెట్రోలు పడినా చెదరదు. కానీ ఆ హార్డెనరులో ఐసోసయనేట్లు ఉంటాయి. భోపాల్‌లో 1984లో వెలువడిన మిథైల్ ఐసోసయనేట్ వేరు, అంత తేలిగ్గా ఆవిరయ్యేది కాదు ఇది, అయినా రెండిటిదీ ఒకే కుటుంబం. స్ప్రే తుంపరగా ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బసం తెస్తుంది. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఆ తర్వాత కాస్త సోకినా ఊపిరి ఆడదు, అది జన్మంతా ఉండిపోవచ్చు. బయటి గాలిని గొట్టంతో అందించే మాస్కు ఉన్నచోట మాత్రమే కొట్టాల్సినది అది. ఇంటి దగ్గర మొదటి రకమే వాడండి, మెరుపు నాలుగేళ్ళకు బదులు రెండేళ్ళే నిలిస్తే నిలవనివ్వండి. దానికి కూడా కార్బన్ కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి. కరోనా నాటి ఎన్95 తుంపరను ఆపుతుంది గానీ థిన్నరు ఆవిరిని ఆపదు. పిల్లలను, ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళను ఆ పూట ఇంకో వైపుకు పంపండి.

మన ఊళ్ళ డెంటింగ్, పెయింటింగ్ షెడ్డుల్లో పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని రోజంతా ఇదే టూకే క్లియర్ కొడుతుంటారు. మీరు బంపరు షెడ్డుకే ఇవ్వదలిస్తే, బేరం ఆడే ముందు మాస్కు ఉందా అని అడగండి. వాళ్ళు అడిగే వేల రూపాయల్లో ఎక్కువ భాగం నేను ఇంతసేపూ చెప్పిన గీకుడుకీ తుడుపుకీ పోతుంది, అది ఊరికే తీసుకునే డబ్బు కాదు. మాస్కున్న షెడ్డు ఇంకో అయిదొందలు ఎక్కువ అడిగినా అక్కడికే వెళ్ళండి. పని ఇచ్చేవాడు అడిగితేనే షెడ్డువాడు మాస్కు కొంటాడు.

పని ముగిశాక టేపును రంగు పూర్తిగా గట్టిపడక ముందే, అంచుకు వాలుగా, మెల్లగా లాగండి. వారం దాకా కడగకండి, నెల దాకా పాలిష్ పెట్టకండి. డబ్బాలో రంగు మిగిలితే దాన్ని తలకిందులు చేసి గ్యాసు మాత్రమే వచ్చేదాకా నొక్కితే నాజిల్ పూడుకోదు, ఇంకోసారి పనికొస్తుంది.

ఖాళీ అయిన డబ్బాల గురించి ఒక్కమాట. ఖాళీ అనుకున్న డబ్బాలోనూ గ్యాసు కొంత ఉంటుంది, మంటలో పడితే పేలుతుంది. మనవాళ్ళు ఈ పని చేసే కాలమే సంక్రాంతి ముందు, ఇంటి పాత సామానంతా భోగిమంటలోకి చేరే కాలమూ అదే. ఆ డబ్బాలను పాత చెక్కలతో కలిపి మూలన పెట్టకండి. విడిగా సంచిలో కట్టి, మునిసిపాలిటీ బండి వచ్చినప్పుడు స్ప్రే డబ్బాలని చెప్పి చేతికే ఇవ్వండి.